మూడు కార్డులు, ఒక బోణీ నోటు: కోటబొమ్మాళి నుంచి గజపతినగరం దాకా

మా బావ సింహాచలం పొలంలో మోటారు కాలిపోవడంతో ఈ ప్రయాణం మొదలైంది. బావంటే మా అక్క మొగుడు. కోటబొమ్మాళికి దగ్గరలోనే వాళ్ళ ఊరు. నేను కోటబొమ్మాళిలో ఉంటాను, పాలకేంద్రంలో లెక్కలు రాస్తాను. మళ్ళీ వైండింగు చేయిస్తే ఇంకొన్నాళ్ళు నడుస్తుందని మెకానిక్కు అన్నాడు గానీ, అది ఇప్పటికే రెండుసార్లు చుట్టించిన మోటారు. విజయనగరం వెళ్ళి కొత్తది కొంటానని, తోడు రమ్మని బావ ఫోను చేశాడు. ఆయన మాట పూర్తి కాకముందే నా బుర్రలో వేరే లెక్క నడవడం మొదలైంది.

నా దగ్గర మూడు క్రెడిట్ కార్డులున్నాయి. ఒకటి పెట్రోలు బంకులో వాడేది. అక్కడ తప్ప ఇంకెక్కడ వాడినా దానికి వచ్చేది అంతంతమాత్రం. రెండోది ఫోనులోని యూపీఐకి జతచేసింది. కొట్టు ముందున్న కోడును స్కాన్ చేస్తే డబ్బు కార్డు నుంచి వెళ్తుంది, పాయింట్లు వస్తాయి. మూడోది అసలైనది. ఏడాదిలో లక్ష రూపాయలు దాని మీద ఖర్చు పెడితే అయిదువేల రూపాయల వోచరు ఇస్తారు. ఆ లక్షకు ఇంకా పదహారువేల దాకా తక్కువ ఉంది. కార్డు ఏడాది మేం బయల్దేరిన మర్నాటితో ముగుస్తుంది. మర్నాడు అమావాస్య. అమావాస్య నాడు బావ మోటారు కాదు కదా, మేకు కూడా కొనడు. కాబట్టి జరిగితే మేం వెళ్ళే ఆ ఒక్క రోజే జరగాలి.

ఆ వోచరు నా భార్య పద్మ పీకో మిషను కోసం. చీర అంచుకు దారంతో సన్నగా చుట్టుకుట్టు వేసే మిషను అది. పద్మ జాకెట్లు కుడుతుంది. చీర ఇచ్చి పీకో, ఫాల్ అడిగినవాళ్ళను టెక్కలి పంపాల్సి వస్తుంది. అలా వెళ్ళినవాళ్ళు జాకెట్టు కూడా అక్కడే ఇచ్చేసి వస్తున్నారు. మిషను ధరలో అయిదువేలు తప్ప మిగతాది పద్మ కుట్టు మీద కూడబెట్టుకుంది. శ్రావణంలో ముహూర్తాలున్నాయి. అప్పటికి మిషను ఇంట్లో ఉంటే పెళ్ళిచీరలు వస్తాయి, లేకపోతే ఈ ఏడాదికి లేనట్టే.

అందుకే మోటారు డబ్బు నాకివ్వమని, కొట్లో నా కార్డు గీకుతానని బావను అడిగాను. స్టేషన్లో బల్ల మీద కూర్చుని ఆయన మూడు కార్డులూ చేతిలోకి తీసుకుని విసనకర్రలా పరిచి చూశాడు.

"ఇదేట్రా బామ్మర్దీ, పేకాటకి ఎల్తన్నామా? ఏ ముక్క దింపుతావు?"

"మూడోది బావా. మోటారుకి అదొక్కటే."

"మోటారు నాది, డబ్బు నాది, బహుమతి నీకా? నాకేటొస్తాది?"

"అక్క చీరలకి పీకో ఊరికే వేయిస్తాను."

"మీ యక్కకి ఎన్ని సీరలున్నాయో నీకు తెల్దు. ఇప్పుడు తెలుస్తాది," అంటూ కార్డులు తిరిగి ఇచ్చేశాడు.

విశాఖపట్నం వైపు వెళ్ళే ఉదయం పాసింజరు మా స్టేషన్లో ఆరు దాటాక ఆగుతుంది. సమయాలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు చూసుకోండి. విజయనగరానికి టికెట్టు నలభై రూపాయల లోపే. మామూలు రోజుల్లో కిటికీ దగ్గర చోటు దొరుకుతుంది. ఆమదాలవలస దగ్గర సగం బండి దిగి, అంతకు రెట్టింపు ఎక్కారు. పొందూరు దాటాక ఇడ్లీలమ్మే ఆవిడ ఎక్కింది. నాలుగు ఇడ్లీలు, అల్లం పచ్చడి ముప్పై రూపాయలు. ఆమె బుట్టకు కోడు కాగితం అంటించి ఉంది. నా రెండో కార్డును పరీక్షిద్దామని స్కాన్ చేశాను, డబ్బు వెళ్ళలేదు. ఖాతా నుంచి పంపితే వెళ్ళింది. కార్డు నుంచి ఎందుకు వెళ్ళలేదని ఆమెనే అడిగాను.

"అది మా ఆయన సొంత ఖాతా నాయినా. కొట్టు పేరున తీసిన కోడైతేనే కార్డులు పడతాయంట. బుట్టకి కొట్టేటి, పేరేటి?"

అది నాకు తెలియని సంగతే. అప్పటినుంచి కోడు కనిపిస్తే కింద ఎవరి పేరుందో చూడటం అలవాటైంది. మనిషి పేరుంటే కార్డు తీయను, కొట్టు పేరుంటే తీస్తాను. విజయనగరం స్టేషను బయట టీకొట్టుకు కొట్టు పేరే ఉంది. రెండు టీలకు కార్డు పనిచేసింది. ఎవరో పరీక్షలో మార్కులు వేసినట్టు అనిపించింది. బావ మాత్రం టీలో చక్కెర తక్కువైందన్నాడు.

స్టేషను నుంచి బజారుకు షేర్ ఆటోలో మనిషికి ఇరవై. బావ పాత మోటారు కొన్న కొట్టుకే వెళ్ళాం. ఆ కొట్టువాళ్ళు ముగ్గురన్నదమ్ములు. పెద్దాయనది వీధికి అవతల బంగారం కొట్టు, నడిపాయనది ఈ పంపుసెట్ల కొట్టు, చిన్నాయనది గజపతినగరంలో పైపులూ మోటార్లూ. మేం వెళ్ళేసరికి నడిపి షావుకారు అప్పుడే షట్టరు తీసి నీళ్ళు చల్లిస్తున్నాడు. ఆయన భార్య గల్లా దగ్గర లక్ష్మీదేవి పటానికి పువ్వు పెడుతోంది. మోటారు ఎంచుకోవడానికి గంట పట్టింది. రెండు హార్స్‌పవరు మోటారు, ఫుట్‌వాల్వు, డెలివరీ పైపు కలిపి పదిహేడువేల ఎనిమిది వందలకు బేరం కుదిరింది. నేను మూడో కార్డు తీశాను.

"కార్డయితే రెండు శాతం ఎక్కువ పడతాది బాబూ," అన్నాడు షావుకారు.

ఈ రెండు శాతం దగ్గర చాలామంది మోసపోతారు. చాలా కార్డుల మీద వచ్చే పాయింట్లు ఒక శాతం కూడా ఉండవు. రెండు ఇచ్చి ఒకటి తెచ్చుకోవడానికి కార్డెందుకు? నేనది చెప్పబోతుండగా బావ అందుకున్నాడు.

"మా నాయిన కాలం నుంచి మీకాడే కొంతన్నాం. రెండు శాతమేటి షావుకారూ, గావాలంటే రెండు కొబ్బరికాయలు తెస్తాను, సూడు."

షావుకారు నవ్వి ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, చెయ్యి చాపాడు. "బోణీ అవలేదు బాబూ. ముందు ఏదో ఒక నోటు నా చేతిలో పెట్టండి. కార్డు తరవాత గీకుదుం."

పొద్దున్నే మొదటి బేరం డబ్బు చేతికి తగలాలి. మా వైపు కొట్లలో ఇది కొత్తేమీ కాదు. బావ జేబులోంచి వంద నోటు తీసి ఇచ్చాడు. షావుకారు దాన్ని కళ్ళకద్దుకుని భార్యకు ఇచ్చాడు. ఆమె పటం కింద పెట్టింది. బిల్లులో వంద తగ్గింది. ఆ వంద నా కార్డు లెక్కలోకి రాకుండా పోయిందని నాకు చిన్న చికాకు వేసిన మాట నిజం. తరవాత షావుకారు వీధి దాటి వెళ్ళి స్వైపింగ్ మిషను చేత్తో పట్టుకొచ్చాడు. పిన్ను కొట్టాను, చీటీ వచ్చింది, మడిచి జేబులో పెట్టుకున్నాను. మోటారు సాయంత్రం తీసుకుంటామని చెప్పి భోజనానికి బయల్దేరాం.

మెస్సులో చేపల పులుసుతో భోజనం నూట ఇరవై. రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా పద్మ ఫోను చేసింది. కార్డు నా పేరునే ఉంది గానీ, మెసేజీలు ఆమె ఫోనుకు వెళ్తాయి. అర్జీ పెట్టినప్పుడు ఆ నంబరే ఇచ్చాం.

"బంగారమేటి కొన్నావు?" అంది.

"బంగారం కాదే, మోటారు."

"నాకు సదువు రాదేటి? జ్యూయలర్స్ అని ఉన్నాది. పదిహేడువేల ఏడొందలు. సూడు, నాకు బంగారం వద్దు. నాకు మిషను గావాల. సెప్పకుండా తెచ్చి నా మెళ్ళో ఏసి, మిషను వచ్చే ఏడు సూద్దాంలే అంతావు, నాకు తెల్దా?"

ఎడమచేత్తో జేబులోని చీటీ తీసి చూశాను. షావుకారు అన్నగారి బంగారం కొట్టు పేరుంది. కార్డు నిబంధనలు నాకు గుర్తే. పెట్రోలు, అద్దె, బంగారం మీద పెట్టిన ఖర్చు వోచరు లెక్కలోకి రాదు. నేను కొన్నది మోటారు. కార్డు కంపెనీ దృష్టిలో నేను కొన్నది బంగారం. బావ నా ముఖం చూసి సంగతి అడిగాడు, చెప్పాను.

"మోటారు మోటారే గదరా? బంగారమంటే బంగారమైపోద్దేటి?"

"వాళ్ళు మోటారుని చూడరు బావా. మిషను ఎవరి పేరున ఉందో చూస్తారు."

"గుడ్డోళ్ళు," అని పులుసు పోయించుకున్నాడు. నేను చెయ్యి కడిగేసుకున్నాను.

మళ్ళీ కొట్టుకు వెళ్ళేసరికి రెండు కావస్తోంది. షావుకారుకు చీటీ చూపించాను.

"మా మిషను ఛార్జింగు ఎక్కడం లేదు బాబూ. అందాకా మా పెద్దన్నయ్య మిషను వాడుతున్నాం. డబ్బు ఎలాగూ మా ఇంటికే వస్తాది. మీకు మోటారు వచ్చింది. ఇంకేటి ఇబ్బంది?"

ఆయన చెప్పినదాంట్లో తప్పు వెతకడం కష్టం. ఒకే ఇల్లు, ఒకే సంపాదన, మిషను ఎవరి బల్ల మీదుంటే ఏమిటి? నేను వోచరు సంగతి, పీకో మిషను సంగతి చెప్పాను. రేపటితో గడువు అయిపోతుందని చెప్పాను. ఈ లావాదేవీని ఇవాళే రద్దు చేయమన్నాను. స్వైపింగ్ మిషను ఆ రోజు లెక్క మూయకముందైతే రద్దు సులువు. మర్నాటికి పడితే డబ్బు వెనక్కి రావడానికి రోజులు పడతాయి.

షావుకారు ముఖం మారిపోయింది. కోపం కాదు, భయం లాంటిది.

"పొద్దుటి మొదటి బేరం బాబూ. మా నాన్న కూడా ఎప్పుడూ మొదటి బేరం వెనక్కివ్వలేదు. అది మాత్రం అడక్కండి."

"సరుకు నచ్చలేదని కాదండి. మళ్ళీ మీ దగ్గరే కొంటాం."

"మళ్ళీ కొనడం వేరు, ఇచ్చింది వెనక్కి తీసుకోవడం వేరు."

బావ గొంతు సవరించుకున్నాడు. ఆయన సవరించుకుంటే వీధి చివరిదాకా వినబడే మాటలు వస్తాయని నాకు తెలుసు. ఇక్కడ గొడవైతే వోచరు పోతుంది, రేపు మోటారుకు ఏదన్నా అయితే అడిగే కొట్టూ పోతుంది. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. అప్పటిదాకా గల్లా దగ్గర చిల్లర సర్దుకుంటున్న షావుకారు భార్య లేచి, పటం కిందనుంచి వంద నోటు తీసి చూపించింది.

"బోణీ ఇదిగదండీ. వీళ్ళ బావగారు చేత్తో ఇచ్చింది. కార్డుది దీని తరవాత కదా?"

షావుకారు నోటును చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ నోటును చూశాడు. "ఔను," అన్నాడు. "అది రెండో బేరం." చీటీ తీసుకుని వీధి దాటాడు. పావుగంటకు రద్దు చీటీతో తిరిగొచ్చాడు.

ఇక్కడ చదివేవాళ్ళకు ఒక మాట. రద్దు చీటీ వచ్చినా కార్డులో ఆ మొత్తం వెంటనే విడుదల కాకపోవచ్చు. నాకు పరిమితి మిగిలి ఉంది కాబట్టి రెండోసారి గీకడానికి సరిపోయింది. తక్కువ పరిమితి ఉన్న కార్డయితే అక్కడే ఆగిపోయేవాళ్ళం.

ఆయన మిషను బాగయ్యేదాకా మేం ఆగలేం కాబట్టి, గజపతినగరంలో తమ్ముడి దగ్గర అదే కంపెనీ మోటారు ఉందని, ఆ కొట్టుకు సొంత మిషను ఉందని షావుకారే చెప్పాడు. ఫోను చేసి అదే ధరకు ఇమ్మన్నాడు. బావ వంద నోటు కోసం చెయ్యి చాపబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు.

"బోణీ వెనక్కివ్వం బాబూ," అని ఆమె వందకు సరిపడా నాలుగు క్లాంపులు, రెండు టేపు చుట్టలు కాగితంలో చుట్టి ఇచ్చింది.

"ఆళ్ళ లచ్చిమి ఆళ్ళకాడ, మన క్లాంపులు మనకాడ," అన్నాడు బావ, మెట్లు దిగుతూ.

బస్టాండులో సాలూరు బస్సు ఎక్కాం. బొబ్బిలి, పార్వతీపురం వెళ్ళేవి కూడా గజపతినగరం మీదుగానే వెళ్తాయి, కాబట్టి ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. టికెట్టు యాభై లోపు, గంట లోపు ప్రయాణం. ఊరు దాటాక రోడ్డుకు రెండువైపులా మామిడితోటలు, వాటి వెనక ఎర్రమట్టి మెట్టలు. వాన పడకపోయినా దున్ని ఉంచారు. బావ ప్రతి బోరునూ, దాని పక్కనున్న మోటారు పెట్టెనూ చూసి అది ఎంత లోతు నుంచి తోడుతుందో అంచనా కట్టాడు. నేను ప్రతి కొట్టు బోర్డునూ చూసి, లోపల ఎవరి మిషను ఉంటుందా అని ఆలోచించాను. బోర్డు మీద ఒక పేరు, మిషనులో ఒక పేరు, కోడు కింద ఇంకో పేరు. ఇన్నేళ్ళుగా కార్డులు వాడుతున్నా ఈ మూడూ ఒకటే అనుకున్నాను.

గజపతినగరంలో చిన్న షావుకారు మమ్మల్ని గుమ్మంలోనే గుర్తుపట్టాడు. "అన్నయ్య ఫోను చేశాడు. బంగారం మోటారు మీదేనా?"

ఈసారి తొందరపడలేదు. ముందు డెలివరీ పైపుకు మాత్రం కార్డు గీకమన్నాను. లోపల సిగ్నలు లేక ఆయన మిషను పట్టుకుని రోడ్డు మీదకు వచ్చాడు. నేనూ వెనకే వెళ్ళాను. లారీ ఒకటి హారను కొడుతూ మా ఇద్దరి పక్కనుంచి పోయింది. చీటీ వచ్చింది. పద్మకు ఫోను చేశాను.

"ఏ పేరు వచ్చింది?"

"ఉండు, కళ్ళజోడెట్టుకోనీ. పంపుసెట్లు, పైపులు అని ఉన్నాది. బంగారం లేదు. పొద్దుట్నుంచి ఈ ఫోను పట్టుకునే కూకున్నాను. మరి మిగతాది ఎప్పుడు కొడతావు?"

మిగతాది కూడా కొట్టాను. మోటారును గోనెలో కట్టించి బస్సెక్కించాం. కండక్టరు లగేజీకి విడిగా టికెట్టు కొట్టాడు. బావ మోటారు పక్కనే కూర్చుని, కుదుపు వచ్చినప్పుడల్లా దాని మీద చెయ్యి వేశాడు. విజయనగరం నుంచి సాయంత్రం బండి పట్టుకుని ఇల్లు చేరాం.

వోచరు మెసేజీ రావడానికి కొన్ని వారాలు పట్టాయి. పద్మ రోజుకోసారి అడిగేది, తరవాత అడగడం మానేసింది. వచ్చిన రోజు నాకు చెప్పకుండా వీధరుగు మీద మిషను ఎక్కడ పెట్టాలో కొలుచుకుంటూ కనిపించింది. అలా తెలిసింది నాకు.

ఏ కార్డుకు ఎంత లాభమో చెప్పే వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. నేనూ అవన్నీ చదివే బయల్దేరాను. కార్డు ఎంచుకోవడం సగం పనేనని ఈ ప్రయాణంలో తెలిసింది. మిగతా సగం అవతలివాళ్ళ బల్ల మీద ఉంటుంది. అక్కడ అన్నదమ్ములుంటారు, ఛార్జింగు ఎక్కని మిషనుంటుంది, పటం కింద నోటుంటుంది. అవేవీ నిబంధనల్లో రాయరు. అందుకని నేను చెప్పగలిగేది ఒక్కటే: పెద్ద మొత్తం గీకేముందు అదే మిషను మీద చిన్న మొత్తం గీకి, ఫోనుకు వచ్చే మెసేజీలో ఏ కొట్టు పేరుందో చదవండి. మీరు కొంటున్న సరుకుకూ ఆ పేరుకూ పొంతన లేకపోతే అక్కడే ఆగండి.

మిషను బిగించిన మర్నాడే మా అక్క చీరల మూటతో దిగింది. బావ చెప్పింది అబద్ధం కాదు, చాలా ఉన్నాయి. పద్మ మొదటి చీర అంచు మిషను కింద పెట్టి, తొక్కకుండా ఆగింది.

"వదినా, ఒక రూపాయి చేతిలో పెట్టు."

"ఊరికే ఏస్తానన్నారు కదే!"

"మిగతావన్నీ ఊరికే. ఇది బోణీ."

అక్క నవ్వుతూ ఫోను తీసింది. పద్మ తల అడ్డంగా ఊపి, అరచెయ్యి చాపింది.